ఎల్లమ్మ కొట్టని అక్షరం

శారమ్మను నిజామాబాద్ కోర్టు గేటు దగ్గర అందరూ ఎల్లమ్మ అంటారు. వకీళ్లు అంటారు, గుమాస్తాలు అంటారు. అఫిడవిట్ కొట్టించుకోవడానికి ఇందల్వాయి నుంచో బోధన్ నుంచో వచ్చిన రైతు, రెండోసారి వచ్చేటప్పటికి తానూ అదే పేరుతో వెతుక్కుంటాడు. ఆమె మెథడిస్టు ఇంట పుట్టింది. మెడలో సన్నని గొలుసు, దానికి చిన్న శిలువ. ఎల్లమ్మ ఎవరి దేవతో, ఎవరు బోనం ఎత్తుతారో ఆమెకు తెలుసు. ఆ దేవత మీద ఆమెకు కోపం లేదు. పేరు పెట్టినవాడి మీద ఉంది.

పేరు పెట్టినవాడు దేవన్న సార్.

దేవన్నది బస్టాండు వెనుక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్. డెబ్బై తొమ్మిదిలో పెట్టాడు. పదహారు రెమింగ్టన్ మిషన్లు, గోడకు ఒక గడియారం, గుమ్మంలో చెప్పుల గుట్ట. ఆయనకు షార్ట్‌హ్యాండ్ వచ్చు. ఇంగ్లీషు ఉత్తరం నోటితో చెప్పి రాయించడం వచ్చు. పదిమందిలో గట్టిగా మాట్లాడటం వచ్చు. టైపు మాత్రం రాదు. ఎప్పుడైనా తప్పనిసరై కొట్టవలసి వస్తే, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మీటల మీద తిప్పుతూ, కోడి గింజను వెతికినట్టు వెతికి, ఒక్కో అక్షరం పొడిచేవాడు.

శారమ్మ ఎడపల్లి నుంచి పొద్దుటి బస్సులో వచ్చేది. చెరకు సీజన్లో బస్సు చెరకు బండ్ల వెనుక పడి నడిచేది. కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి పులిసిన వాసన వచ్చేది. ఆ మేడ మీదనే నేర్చుకుంది, టైపు హయ్యర్ పరీక్ష పాసైంది, నేర్పడానికి అక్కడే నిలిచింది. కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద. ఆ రెండింటి మధ్యా ఆమె ఎన్నడూ అడ్డు వచ్చేది కాదు.

ఆ రెమింగ్టన్ల మీద రెండు నుంచి తొమ్మిది దాకా అంకెలున్నాయి. సున్న ఉంది. ఒకటి లేదు. ఒకటి కావాలంటే ఇంగ్లీషు చిన్న ఎల్ కొట్టాలి. కాగితం మీద రెండూ ఒకటే గీత. అక్కడ నేర్చుకున్న ఎవరికైనా, ఒకటి అనగానే కుడి ఉంగరపు వేలు తనంతట తానే ఎల్ మీదికి పోతుంది. ఆలోచన అక్కరలేదు.

ఎనభై ఏడు జనవరిలో దేవన్న బామ్మర్ది దుబాయ్ నుంచి చిన్న కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. స్పెక్ట్రం దాని పేరు. బడిపిల్లల పలకంత ఉంటుంది. మీటలు రబ్బరువి. టీవీకి తగిలిస్తే టీవీయే దాని తెర. ఏం దాచుకోవాలన్నా టేప్ రికార్డర్లో, క్యాసెట్ మీద దాచుకుంటుంది. దాంతో పాటు ఒక ఇంగ్లీషు పత్రిక వచ్చింది. అందులో పదకొండు పేజీల నిండా అంకెలు, అక్షరాలు. పైన ఒక మాట: ఇది ఆట, ఉచితం, ఎవరు టైపు చేసుకుంటే వారిది.

ఆట పెద్దదేం కాదు. నల్లని ఆకాశం. కింద మన ఓడ, పైన పన్నెండు శత్రువుల ఓడలు. అవి వరుసకట్టి దిగుతాయి. పన్నెండూ కూల్చితే గెలిచినట్టు.

ఆ రోజుల్లోనే బోధన్ పక్కన ఒక చెరకు తూకం ఆఫీసులో కంప్యూటర్ పెడుతున్నారని తెలిసింది. తూకం చీటీలు దాని మీద కొట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ ఆఫీసరు ఏప్రిల్లో ఊరి ఎగ్జిబిషన్‌కు వస్తాడు. దేవన్న శారమ్మను పిలిచాడు.

"ఆట నువ్వు కొట్టు. స్టాల్ల పెడ్దాం. ఎవరు కొట్టిండ్రని ఆఫీసర్ సాబ్ అడుగుతడు. నీ పేరు చెప్త. ఎడపల్లి నుంచి ఎంత దూరం, సైకిల్ మీద పోయి వస్తవ్ నౌకరికి."

"నిజంగ చెప్తరా సార్?"

"నీ పేరు చెప్పక నా పేరు చెప్పుకుంటనా?"

మధ్యాహ్నం బ్యాచీలు లేని రెండు గంటలు ఆమె ఆ రబ్బరు మీటల ముందు కూర్చునేది. అలవాటైన మిషన్ కాదు. పత్రికను ఎడమ పక్కన నిలబెట్టుకుని, తెర వైపు చూడకుండా, కాగితమే చూస్తూ కొట్టేది. టైపిస్టు తెర చూడదు. ఏడు వారాలలో పది పేజీలు అయ్యాయి. అప్పటిదాకా అయినదాన్ని ఒకసారి నడిపి చూశారు. తెర నిండా రంగు చారలు లేచాయి, అంతే.

కారణం కనుక్కున్నది శారమ్మే. ఒకటి ఉన్న చోటల్లా ఎల్ పడింది. ఆ యంత్రానికి ఒకటి వేరు, ఎల్ వేరు. అయినా తప్పని చెప్పదు. ఏది పెడితే అది మింగుతుంది, నడిపినప్పుడు కక్కుతుంది. ఆమె పత్రిక పక్కన పెట్టుకుని వెతికింది. నాలుగువందల పన్నెండు ఎల్‌లు. పది రోజులు కూర్చుని అన్నిటినీ దిద్దింది. మళ్లీ మొదటి నుంచీ చదివి సరిచూసుకుంది.

దేవన్న నాలుగింటి బ్యాచీ అందరి ముందూ నవ్వాడు.

"ఒకటికి ఎల్ కొట్టిందంట. శారమ్మ గాదుర్రా, గీమె మన ఎల్లమ్మ. బోనం ఎత్తుదామా?"

బ్యాచీ అంతా నవ్వింది. కమ్మర్‌పల్లి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న భోజన్న కూడా నవ్వాడు. శారమ్మ తలవంచుకుని కాగితం సర్దింది. తప్పు దిద్దాక పేరు కూడా పోతుందనుకుంది.

ఇంకొక్క పేజీ మిగిలింది, పదకొండోది. ఆ రోజు శనివారం.

"రేపు మట్టల ఆదివారం సార్. చర్చికి పోవాలె. సోమవారం పొద్దుగాల వచ్చి కొడ్త."

"పోయి రా. మీ దేవుని ఊరేగింపు మనకోసం ఆపొద్దు గద."

సోమవారం ఆమె వచ్చేసరికి పదకొండో పేజీ కొట్టేసి ఉంది.

"నేనే కొట్టిన," అన్నాడు దేవన్న. "పొద్దంత కూసున్న. నీ కోసం ఎవలు ఆగుతరు?"

"ఒక్కసారి సరిసూస్త సార్."

"ఎందుకు? నేనేమన్న ఎల్లమ్మనా?"

పత్రిక తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మంగళవారం ఎగ్జిబిషన్. స్టాలు ముందు జనం. తూకం ఆఫీసరు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒకటి, రెండు, అయిదు, పది, పదకొండు ఓడలు కూలాయి. పన్నెండోది కూలలేదు. గుండు దాన్ని తాకి అవతలికి పోయింది, గాలిలోంచి పోయినట్టు. ఓడ నెమ్మదిగా దిగి వచ్చి ఆయన ఓడను గుద్దింది. మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ అంతే.

"ఎవరు కొట్టారండీ దీన్ని?" అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

ఇచ్చిన మాట దేవన్న తప్పలేదు. పేరు చెప్పాడు.

"గా పిల్ల సార్, శారమ్మ. ఒకటికి ఎల్ కొడ్తది. ఏం జేస్తం, చేతులున్నయి, తలకాయ లేదు."

పది రోజులకు ఆ ఉద్యోగం దేవన్న తమ్ముడి కూతురికి వచ్చింది. ఆ అమ్మాయికి టైపు నేర్పింది శారమ్మే. జూన్‌లో దేవన్న, బ్యాచీలు తగ్గినయమ్మా, అన్నాడు. ఆమె అర్థం చేసుకుంది. ఒక పాత రెమింగ్టన్ సంపాదించి, కోర్టు గేటు పక్కన బల్ల వేసుకుంది. పేరు ఆమెకంటే ముందే అక్కడికి చేరి కూర్చుంది. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నవాళ్లే కదా సగంమంది గుమాస్తాలు.

పదిహేడేళ్లు. ఎండలో గొడుగు, వానలో టార్పాలిన్. ఆమె కక్ష ఆమెతోనే ఉంది గాని, ఆ కక్షకు కాళ్లు లేవు. పన్నెండో ఓడ తన తప్పే అని ఆమె కూడా నమ్మింది. ఎక్కడో ఒక ఎల్ మిగిలిపోయి ఉంటుంది అనుకుంది. దేవన్న ఎగతాళి చేశాడు, నోటికాడి కూడు తీసి తమ్ముడి కూతురికి పెట్టాడు, నిజమే. కాని సందు ఇచ్చింది తన వేలే. తప్పు తనదైనప్పుడు తిట్టడానికి కూడా నోరు పూర్తిగా రాదు. ఆదివారం ప్రార్థనలో క్షమించే మాట వచ్చిన చోట పెదవులు మాత్రం కదిపేది.

"కోపం దాసుకుంటే పులుస్తది బిడ్డా," అనేది తల్లి కమలమ్మ.

"పులవనీ అవ్వా. పారబోసే జాగ దొరకలే ఇంక."

రెండువేల నాలుగు జనవరిలో, ఒక మధ్యాహ్నం, నెత్తిన అక్కడక్కడ నెరిసిన మనిషి ఒకడు బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గుర్తు పట్టినవా అక్కా?"

ఆమె తల ఎత్తి చూసింది. "కమ్మర్‌పల్లి భోజన్నవు. స్పేసు మీట ఎడమ బొటనవేలితోని కొట్టేటోనివి. ఎన్నిసార్లు చెప్పినా ఇనకపోదువు."

భోజన్న నవ్వాడు. ఇప్పుడు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ షాపు నడుపుతున్నాడు. దేవన్న సార్‌కు సన్మానం పెట్టారట. ఇన్‌స్టిట్యూట్‌కు ఇరవై అయిదేళ్లు. బీరువాలోంచి ఆ పాత క్యాసెట్ తీసి భోజన్నకిచ్చి, నలుగురి ముందూ ఆట నడిపించమన్నాడట సార్.

"నడుస్తున్నదక్కా. జర వచ్చి ఆడుతవా?"

"నేనెన్నడు ఆడలే దాన్ని. కొట్టుడే గాని."

అన్నది గాని, లేచింది. మిషన్ మీద గుడ్డ కప్పింది.

షాపులో భోజన్న ఆమెను ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. పాత స్పెక్ట్రం ఇప్పుడు ఎక్కడా దొరకదనీ, దాని లాగే నడిచే ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుందనీ, క్యాసెట్‌లో ఉన్నదంతా తీగతో ఇందులోకి ఎక్కించాననీ చెప్పాడు. నడిపితే ముందు ఆ కూత వచ్చింది. క్యాసెట్ కూత. రేకు మీద మేకు గీసినట్టు. శారమ్మ వేళ్లు ఒళ్లో వంగాయి.

మొదటి ఆటలో మూడు ఓడలు కూల్చింది. రెండో ఆటలో ఏడు. పక్క సీట్లో ఉత్తరం రాసుకుంటున్న ఒకతను ఆపి చూశాడు. ఎర్రచీర కట్టుకున్న నలభై రెండేళ్ల ఆడమనిషి, తెరనుంచి కళ్లు తీయకుండా, మీటల వైపు చూడకుండా ఆడుతోంది. అరగంటకు పదకొండు కూలాయి. పన్నెండోది మిగిలింది. కొట్టింది. కొట్టింది. గుండ్లు దాంట్లోంచి పోయాయి. అది నిదానంగా దిగి వచ్చి గుద్దింది.

"అది సావదక్కా," అన్నాడు భోజన్న. "అప్పుడు మేం దానికి ఎల్లమ్మ ఓడ అని..." అని ఆగిపోయాడు.

ఆమె అతని వైపు చూడలేదు. "కొట్టిన అక్షరాలు కనబడ్తయా గిండ్ల?"

"కనబడ్తయి."

"సూపియ్యి. మొదటి నుంచి."

తెల్లని తెర మీద నల్లని వరుసలు. శారమ్మ చూపుడువేలు తెరకు ఆనించి, ప్రూఫు చూసినట్టు, ఒక్కో వరుస కిందికి జరుపుతూ చదివింది. గంటసేపు చదివింది. పది పేజీల్లో ఒక్క ఎల్ కూడా మిగలలేదు. పదకొండో పేజీ మొదలైంది. స్పెక్ట్రం సున్నకు అడ్డంగా ఒక గీత గీస్తుంది. అన్ని సున్నల నడుమా గీత ఉంది. చివరి నుంచి నాలుగో వరుసలో ఒకదానికి లేదు. ఖాళీగా, గుండ్రంగా ఉంది.

వేలు అక్కడ ఆగింది. "గిదేంది?"

భోజన్న వంగి చూశాడు.

"ఇంగ్లీషు ఓ అక్కా. సున్న ఉండాలె గాడ." మళ్లీ అన్నాడు, "గందుకే సస్తలేదు."

శారమ్మ తన కుడిచేయి బల్ల మీద చాపి చూసుకుంది. ఆమె మిషన్ మీద ఒకటి లేదు. సున్న ఉంది. సున్న చిటికెన వేలిది. ఓ ఉంగరపు వేలిది. ఇరవై ఏళ్లలో ఒకటి పని ఇంకొకటి ఎన్నడూ చేయలేదు. ఒకటికి ఎల్ కొట్టేది టైపు వచ్చినవాళ్లు. సున్నకు ఓ కొట్టేది టైపు రానివాడు. మీటల వైపు చూసుకుంటూ, గుండ్రంగా కనబడ్డదాన్ని పొడిచేవాడు.

మట్టల ఆదివారం. పొద్దంత కూసున్న, అన్నాడు.

"ఇది నేను కొట్టలే," అంది.

"ఒక్క నిమిషం అక్కా, దిద్దుత."

"ముట్టకు."

భోజన్న చేయి వెనక్కి తీసుకున్నాడు.

"సన్మానం ఎన్నడు?"

"వచ్చే ఆదివారం."

"మంచిది," అంది శారమ్మ. "చర్చి అయినంక వస్త."

పదిహేడేళ్ల కక్షకు ఆ వారం కాళ్లు వచ్చాయి. భోజన్నకు తప్ప ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. కమలమ్మకు కూడా చెప్పలేదు. అఫిడవిట్లు కొట్టింది. శనివారం తెల్లచీరకు గంజి పెట్టి ఆరేసింది. ఆదివారం ప్రార్థనలో క్షమించే మాట దగ్గర పెదవులు కూడా కదపలేదు.

ఫంక్షన్ హాల్లో రెండువందల మంది. సగం మంది ఇప్పటి కంప్యూటర్ సెంటర్ల టీచర్లు, వాళ్ల విద్యార్థులు. దేవన్నకు అరవై ఏడు. శాలువా, దండ, ముందు మైకు. వెనుక పెద్ద తెర.

"అప్పుడు కంప్యూటర్ అంటే గీ బజార్ల ఎవలికీ తెల్వదు. పదకొండు పేజీలు, గీ చేత్తోని కొట్టిన," అని చేయి ఎత్తి చూపాడు. ఆ చేతిలో చూపుడువేలు ఒక్కటే నిలబడి ఉంది.

చప్పట్లు. భోజన్న ఆట నడిపాడు. పెద్ద తెర మీద పదకొండు ఓడలు కూలాయి. పన్నెండోది కూలలేదు. దేవన్న మైకులో నవ్వాడు.

"గదొక్కటి నాది గాదు. గది మన ఎల్లమ్మది. ఒకటికి ఎల్ కొట్టిన ఎల్లమ్మ. వచ్చినట్టున్నదే, అగో. పైకి రా ఎల్లమ్మా, నిన్ను గూడ సూడనీ అందరు."

హాలు నవ్వింది. శారమ్మ లేచి, మెట్లెక్కి వచ్చింది.

"సార్, పదకొండు పేజీలు మీరే కొట్టిండ్రా?"

"నేనే."

"పదకొండో పేజీ గూడ?"

"అన్నీ నేనేనమ్మా. నువ్వు తప్పులు కొట్టినవ్, నేను దిద్దిన."

మైకు ఆ మాటను హాలు చివరిదాకా తీసుకుపోయింది. శారమ్మ తల ఊపింది.

"అయితే గీ తప్పు గూడ మీరే దిద్దుండ్రి. నేను ముడితే మల్ల ఎల్ పడ్తది."

మళ్లీ నవ్వారు. దేవన్న కూడా నవ్వాడు. భోజన్న నవ్వలేదు. ముందే అనుకున్నట్టుగా ఆ వరుసను తెర మీదికి తెచ్చి, ఆ ఒక్క అక్షరం చెరిపి, ఖాళీ దగ్గర ఆపి లేచి నిలబడ్డాడు.

"గా ఖాళీల సున్న కొట్టాలె సార్," అంది శారమ్మ. "సున్న. గంతే."

దేవన్న భోజన్న లేచిన కుర్చీలో కూర్చున్నాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. చూపుడువేలు మీటల మీద తిరిగింది. వెతికింది. గుండ్రంగా ఉన్నదాన్ని పొడిచింది.

పెద్ద తెర మీద, గీతలున్న సున్నల మధ్య, గీత లేని గుండ్రం ఒకటి పడింది.

భోజన్న ఆట నడిపాడు. పదకొండు కూలాయి. పన్నెండోది దిగి వచ్చి గుద్దింది.

ముందు వరుసలో కూర్చున్న కంప్యూటర్ టీచరు ఒకామె పక్కామె చెవిలో ఏదో చెప్పింది.

"పడలేదు సార్. మల్ల కొట్టుండ్రి. సున్న."

భోజన్న మళ్లీ చెరిపి ఇచ్చాడు. ఈసారి దేవన్న గట్టిగా పొడిచాడు. అదే మీట.

హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనుకనుంచి ఒక గొంతు, కొంచెం సందేహంగా, అంది.

"సార్, గది ఓ. సున్న పై వరుసల ఉంటది."

అప్పుడు నవ్వారు. మొదట నలుగురు, తర్వాత హాలంతా. దేవన్న మీటల వైపు, తెర వైపు మార్చి మార్చి చూశాడు. ఓకూ సున్నకూ ఆయనకు తేడా కనబడలేదు.

"కండ్లు జర..." అన్నాడు.

"అప్పుడు మీకు యాభై సార్. కండ్లు మంచిగనే ఉండె." శారమ్మ మైకు దగ్గరికి జరగలేదు. అయినా నవ్వు సద్దుమణిగి, ఆమె మాట వినపడింది. "మట్టల ఆదివారం నాడు గూడ గదే కొట్టిండ్రు. ఎగ్జిబిషన్ల నా పేరు చెప్పిండ్రు. నౌకరి మీ తమ్ముని బిడ్డకు పోయింది. మీ ఓ అక్షరం పదిహేడేండ్ల సంది నా పేరు మీద ఎగురుతున్నది సార్."

సన్మానం చేసినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భోజన్న మెల్లగా అడిగాడు.

"సున్న కొట్టాల్నా అక్కా?"

ఆమె కుడి చిటికెన వేలు మీట మీదికి వెళ్లింది. చూడకుండానే వెళ్లింది. ఒక్కసారి ఆనిస్తే చాలు, పన్నెండో ఓడ చచ్చేది. వేలు అక్కడ కాసేపు నిలబడింది. తర్వాత ఆమె చేయి తీసుకుంది.

"వద్దు. సార్ కొట్టింది సార్ పేరు మీదనే ఉండనీ."

ఆమె మెట్లు దిగుతుంటే వెనుక పెద్ద తెర మీద ఆట మళ్లీ మొదటినుంచి మొదలైంది.

వరండాలో దేవన్న వెంట వచ్చాడు. శాలువా ఒక భుజం మీదినుంచి జారి నేల మీద పడి ఈడ్చుకుంటోంది.

"శారమ్మా."

ఎగ్జిబిషన్ తర్వాత ఆ నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఆమె ఆగింది.

"నలుగుర్ల గిట్ల జేస్తివి. నేను తెలిసి జేసిన్నా? నాకేం తెలుసు, అది ఓ అని."

"ఓ సంగతి తెల్వదు సార్. ఒప్పుకుంట. నౌకరి సంగతి తెలుసు గద."

ఆయన వరండా కమ్మీ పట్టుకున్నాడు. ఆమె ఇంకేమైనా అంటుందేమో, ఇక పోనీ అంటుందేమో అని చూశాడు. శారమ్మ వంగి, నేలమీది శాలువా కొస తీసి ఆయన చేతికిచ్చింది.

"శారమ్మా, జర మనసుల పెట్టుకోకు..."

"ఎల్లమ్మ అనుండ్రి సార్," అంది. "మీరు పెట్టిన పేరే."

ఎడపల్లి మీదుగా పోయే బోధన్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటాక చెరకు బండ్లు అడ్డం వచ్చాయి. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగి ఊరుకున్నాడు. బస్సు వాటి వెనుక నడిచింది. శారమ్మకు తొందర లేదు.